ముందు పట్టాను అడగండి

(అమలాపురంలో నమూనా రైళ్లు కట్టుకునే యువతీయువకుల సమావేశంలో, రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక టెక్నీషియన్ ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకు వినిపిస్తోందా? సరే.

ఈ హాలులో అడుగు పెట్టగానే నా కళ్లు ఆ బల్ల మీదికే పోయాయి. కోటిపల్లి దగ్గర గౌతమి, బోడసకుర్రు దగ్గర వైనతేయ, నరసాపురం చేరే ముందు వశిష్ఠ. మూడు పాయల మీద మూడు వంతెనలు, కొబ్బరి చెట్ల మధ్య అమలాపురం స్టేషను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పీకేసిన కాకినాడ–కోటిపల్లి లైను 2004లో మళ్లీ వచ్చింది. అక్కడి నుంచి గోదావరి దాటి ఈ ఊరికి రావలసిన రైలు కోసం కోనసీమ ఎన్నేళ్లుగా ఎదురు చూస్తోందో మీకు నేను చెప్పనక్కరలేదు. మీరు ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఇరవై అడుగుల బల్ల మీద, 1:87 కొలతలో, మీ రైలును మీరే తెచ్చుకున్నారు. ముప్పై నాలుగేళ్లు పట్టాల పక్కన నడిచినవాడిని నేను. వేలెడంత ఉన్న ఆ స్టేషను పేరు పలక చూసి కాసేపు మాట రాలేదు.

అయితే రైలు నడవడం లేదన్నారు. "నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగింది మాస్టారూ, రాత్రి నుంచి ఆగిపోతోంది, డీకోడర్ కాలిపోయి ఉంటుంది" అని ఒక బాబు పొద్దున్నే నాతో చెప్పాడు. డీకోడర్ అంటే ఇంజన్ లోపల ఉండి ఆజ్ఞలు చదివే చిన్న చిప్పు. కొత్తది తెప్పించడానికి డబ్బు కూడా పోగు చేస్తున్నారట. ఆ డబ్బు దాచుకోండి. డీకోడర్ కాలలేదు. నేనూ ఆ బాబూ పొద్దున గంటసేపు ఆ బల్ల కిందే ఉన్నాం. ఏం దొరికిందో చెబుతాను, కాస్త ఆగండి. అంతకన్నా ముందు చెప్పవలసింది ఒకటి ఉంది. డిజిటల్ కమాండ్ కంట్రోల్, మనమంతా డీసీసీ అంటున్నాం కదా, ఒక్కో ఇంజన్‌కు విడిగా ఆజ్ఞలు పంపే ఆ పద్ధతిలో రైలు ఆగిన ప్రతిసారీ మనవాళ్ల అనుమానం 'డిజిటల్' అనే మాట మీదికే పోతుంది. చిప్పు పాడైందనో, ప్రోగ్రాము చెడిందనో అనుకుంటారు. నేను చూసినంతలో అలా జరిగింది చాలా తక్కువ. లోపం ఉండేది రాగిలో, టంకంలో, అతుకులో. అందుకే ముందు పట్టాను అడగండి, తరువాత తీగను అడగండి, ఇంజన్‌ను చివర అడగండి.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలిస్తే లోపం ఎక్కడ వెతకాలో దానంతట అదే తెలుస్తుంది. మన డెల్టావాళ్లకు ఇది చెప్పడం సులువు. దాళ్వాకు నీళ్లు చాలనప్పుడు కాలువలకు వంతులవారీగా వదులుతారు. పాత డీసీ పద్ధతి అలాంటిదే. పట్టాలకు వోల్టేజి పెంచితే ఇంజన్ వేగంగా పోతుంది, తగ్గిస్తే నెమ్మదిస్తుంది, తీగలు అటుదిటు చేస్తే వెనక్కి నడుస్తుంది. ఒకే పట్టా మీద రెండు ఇంజన్లుంటే రెండూ కదులుతాయి. అందుకని పట్టాను ముక్కలు ముక్కలుగా కోసి, ముక్కకో స్విచ్చి పెట్టి, వంతు వచ్చిన ముక్కకే కరెంటు ఇచ్చేవాళ్లు. డీసీసీలో వంతులు లేవు. కాలువ ఎప్పుడూ నిండుగానే పారుతుంది. తూము ఎంత తెరవాలో, ఎప్పుడు మూయాలో ఇంజన్ లోపలున్న డీకోడర్ చూసుకుంటుంది.

మరి డీకోడర్‌కు ఆజ్ఞ ఎలా అందుతుంది? అది కూడా ఆ పట్టాల మీదుగానే. పట్టాల మధ్య వోల్టేజి ఎప్పుడూ అటూ ఇటూ తిరగబడుతూ ఉంటుంది. ఒక్కో దిశలో 58 మైక్రోసెకన్లు నిలిస్తే అది 'ఒకటి'. 100 మైక్రోసెకన్లు నిలిస్తే 'సున్నా'. ఆ ఒకట్లు, సున్నాలు కూర్చితే ఒక ఆజ్ఞ. మొదట ఏ ఇంజన్‌కో ఆ నంబరు, తరువాత ఏం చేయాలో ఆ మాట. పూర్వం ఊళ్లో టముకు వేసేవారు, గుర్తుందా పెద్దవాళ్లకు? టముకు అందరికీ వినబడుతుంది, పేరు పలికినవాడే కదులుతాడు. ఇదీ అంతే. సెకనుకు నూటికి పైగా టముకులు పడుతుంటాయి. జర్మనీలో లెంజ్ సంస్థ 1980ల చివరలో రూపొందించిన పద్ధతి ఆధారంగా అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దీన్ని ప్రమాణంగా ప్రకటించింది. అందువల్లే ఒకరి కమాండ్ స్టేషన్, అంటే ఆజ్ఞలు తయారుచేసే పెట్టె, మరొకరి డీకోడర్ కలిసి పనిచేస్తున్నాయి.

ఇందులో ఒక చిన్న సంగతి మీకు చాలా పనికొస్తుంది. ప్రతి ఆజ్ఞ చివర సరిచూసుకునే ఒక అంకె ఉంటుంది. లెక్క కుదరకపోతే డీకోడర్ ఆ ఆజ్ఞను పక్కన పడేసి తరువాతి దానికోసం చూస్తుంది. అంటే చెడిన ఆజ్ఞ వల్ల ఇంజన్ పిచ్చిగా ప్రవర్తించడం అరుదు. ఎక్కువగా జరిగేది వేరు. కరెంటూ ఆజ్ఞా రెండూ వచ్చేది ఒకే దారిలో. అన్నం క్యారేజీ, ఉత్తరం ఒకే మనిషి చేతికిచ్చి పంపాం. అతను కాలుజారితే రెండూ పోతాయి. శబ్దం చేసే ఇంజన్లు ఉన్నవాళ్లు ఒకటి గమనించండి. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఒక్కసారి మూగబోయి, మళ్లీ మొదటి నుంచి స్టార్టయ్యే చప్పుడు చేస్తే, దానికి అక్కడ కరెంటు తెగిందని అర్థం. ఆజ్ఞ అందకపోతే స్టార్టింగు చప్పుడు మళ్లీ రాదు. ఆ చోట పట్టా పక్కన పెన్సిలుతో ఒక గీత గీయండి. పది చుట్లు తిప్పితే గీతలన్నీ ఒక అతుకు చుట్టూ చేరతాయి.

అసలు రైలు ఆగడం రెండు రకాలు. కరెంటు అందక ఆగడం ఒకటి, షార్టయి, పట్టాలకు కరెంటు పంపే బూస్టరే ఆపేయడం ఇంకొకటి. ఈ రెండింటికీ వైద్యం వేరు. ఏది జరిగిందో తేల్చుకోకుండా మల్టీమీటర్ చేతిలోకి తీసుకోవద్దు. ముందు బూస్టరు దీపం చూడండి. దీపం నిలకడగా ఉండి ఇంజన్ ఆగిందా, అది మొదటి రకం. దీపం ఆరిందా, మిణుకుతోందా, రెండో రకం.

మొదటిది చూద్దాం. మన శివారు రైతు బాధే అది. ధవళేశ్వరం దగ్గర నీళ్లు నిండుగానే ఉంటాయి, శివారు పొలానికి మాత్రం అందవు. కాలువ సన్నమైనా అందవు, మధ్యలో బోదె పూడినా అందవు. బల్ల కింద పొడుగునా వేసే బస్ తీగ మన ప్రధాన కాలువ. దాని నుంచి పట్టా పట్టాకు ఎక్కే సన్నని ఫీడర్ తీగలు బోదెలు. పొద్దున మీ బస్ తీగ చూశాను. అర చదరపు మిల్లీమీటరు తీగ. బూస్టరు నుంచి నరసాపురం చివరికి ఎనిమిది మీటర్లు, తిరిగి రావడానికి మరో ఎనిమిది. ఆ తీగకు మీటరుకు దాదాపు 0.039 ఓముల నిరోధం. పదహారు మీటర్లకు 0.62 ఓములు. మూడు ఆంపియర్లు పారితే దాదాపు రెండు వోల్టులు దారిలోనే ఇంకిపోతాయి. అదే ఇంటి వైరింగుకు వాడే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది అర వోల్టు కూడా కాదు. ఎర్ర చుట్ట ఒకటి, నల్ల చుట్ట ఒకటి కొనండి. ఇంత శ్రమపడి మూడు వంతెనలు కట్టినవాళ్లు కాలువ దగ్గర పొదుపు చేయకండి.

బోదెల విషయం ఇంకా ముఖ్యం. రెండు పట్టా ముక్కలను కలిపే ఫిష్ ప్లేటు కరెంటును మోస్తుందని నమ్మవద్దు. అసలు రైల్వేలో మేము ఎన్నడూ నమ్మలేదు. పట్టాల్లో కరెంటు పంపి రైలు ఉందో లేదో తెలుసుకునే ట్రాక్ సర్క్యూటు ఉన్న చోట ప్రతి ఫిష్ ప్లేటు అతుకు దగ్గరా పట్టా నుంచి పట్టాకు బాండు తీగ వేసేవాళ్లం. నాలుగు బోల్టులతో బిగించిన అంత పెద్ద ఉక్కు పలకనే నమ్మనప్పుడు, గోరంత రేకును ఎలా నమ్ముతాం? కొత్తలో బాగానే మోస్తుంది. ఆరు నెలలు గడిస్తే మన ఉప్పుగాలికి, వానాకాలం తడికి లోపల నల్లటి పొర కట్టుకుంటుంది. పైకి ఏమీ కనిపించదు. కాబట్టి ప్రతి పట్టా ముక్కకూ దాని సొంత ఫీడర్ జత ఉండాలి. మీ బల్ల మీద వైనతేయకూ స్టేషనుకూ మధ్య నాలుగు ముక్కలకు కలిపి ఒకే జత ఉంది. మిగతా మూడింటి బరువు మోస్తున్నవి ఫిష్ ప్లేట్లే.

ఫీడర్లు చాలినన్ని ఉన్నాయో లేదో తేల్చడానికి మల్టీమీటర్ కన్నా రూపాయి బిళ్ల మంచి పరికరం. మన బిళ్ల స్టీలుది, కరెంటు పారుతుంది. పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, బిళ్ల అంతకన్నా వెడల్పు. ఇంజన్లు, పెట్టెలు అన్నీ తీసేసి, బూస్టరు ఆన్ చేసి, బిళ్లను రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బూస్టరు వెంటనే టక్కున ఆగాలి. తీయండి, మళ్లీ వస్తుంది. అడుగడుగునా ఇలా చూస్తూ పోవాలి. ఎక్కడైనా బిళ్ల పెట్టినా బూస్టరు ఆగకపోతే వెంటనే బిళ్ల తీసేయండి. ఆ చోటు ప్రమాదకరం.

ఎందుకు ప్రమాదమో వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని నేను పోగొట్టుకుని తెలుసుకున్నాను. ఐదు ఆంపియర్ల బూస్టరు ఐదు దాటితేనే ఆగుతుంది. మధ్యలో సన్నని తీగలు, బలహీనమైన అతుకులు కలిసి మూడు ఓముల నిరోధం ఉందనుకోండి. పట్టాల మీద పదిహేను వోల్టులు. పదిహేనును మూడుతో భాగిస్తే ఐదు. షార్టు అయినా బూస్టరుకు అది షార్టులా కనిపించదు. పెద్ద రైలేదో నడుస్తోందని అనుకుని పంపుతూనే ఉంటుంది. పదిహేను వోల్టులు, ఐదు ఆంపియర్లు అంటే 75 వాట్లు. మీ చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. మూడు ఐరన్ల వేడి అన్నమాట. మా ఇంట్లో లేఅవుట్ చివరి మలుపులో ఒక ఇంజన్ పట్టా తప్పి రెండు పట్టాలకూ అడ్డంగా నిలిచింది. నేను పక్క గదిలో ఫోనులో మాట్లాడుతున్నాను. ప్లాస్టిక్ వాసన వచ్చి పరుగెత్తేసరికి ఇంజన్ కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం మెత్తబడి, చక్రాలు వంకర పోయాయి. మా మేనల్లుడు తన మొదటి జీతంతో కొనిచ్చిన ఇంజన్ అది. ఆ రాత్రే బిళ్ల పట్టుకుని లేఅవుట్ అంతా తిరిగాను. పదకొండు చోట్ల బూస్టరు ఆగలేదు.

బిళ్లతో పాటు ఇంకొక పరీక్ష ఉంది. మోటారు సామాన్ల కొట్టులో 12 వోల్టులు, 21 వాట్ల బ్రేకు బల్బు అడగండి. దానికి రెండు తీగలు కట్టి పట్టాల మీద ఆనిస్తే ఒకటిన్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది, నిజమైన రైలు బరువులాగా. బూస్టరు దగ్గర ఎంత వెలుగుతుందో చివర కూడా అంతే వెలగాలి. పసుపు తిరిగితే ఆ బోదె పూడిందని తెలుసుకోండి. బల్బు బాగా వేడెక్కుతుంది, ఎక్కువసేపు పట్టుకోవద్దు. మల్టీమీటర్‌తో కూడా చూడవచ్చు, కానీ మామూలు మీటరు ఇంటి కరెంటు కోసం, అంటే సెకనుకు 50 ఆవృత్తుల కోసం చేసినది. ఇక్కడ వోల్టేజి సెకనుకు వేల సార్లు తిరగబడుతుంది. అది చూపే అంకె నిజం కాకపోవచ్చు. బల్బు వెలుగుతున్నప్పుడు బూస్టరు దగ్గరి అంకెకూ చివరి అంకెకూ మధ్య ఉన్న తేడా మాత్రం నమ్మదగ్గది.

ఇక షార్టు సంగతి. అసలు రైల్వేలో రెండు పట్టాలను చక్రాలు కలిపితేనే మాకు రైలు వచ్చిందని తెలిసేది. షార్టే మాకు కబురు. ఇక్కడ అదే షార్టు రోగం. మొదట చేయవలసింది కళ్లతో చూడడం. పట్టాల మీద మరచిపోయిన స్టీలు స్కేలు, ఊడిన మర, తీగ ముక్క ఉన్నాయేమో చూడండి. తరువాత ఇంజన్లు, పెట్టెలు, దీపాలున్న బోగీలు అన్నీ దించేయండి. షార్టు పోయిందంటే దించిన వాటిలో ఒకటి దొంగ. తిరగేసి బిగించిన చక్రాల జత ఒక్కటి చాలు. చక్రాల జతలో ఒక వైపే ఇన్సులేషన్ ఉంటుంది కదా, చక్రాలను పట్టి ఉంచే చట్రం లోహపుదైతే, ఒక జత అటుదిటైనా రెండు పట్టాలూ కలుస్తాయి. ఒక్కొక్కటీ ఎక్కించి చూడండి.

అన్నీ దించినా షార్టు ఉంటే అది తీగల్లో ఉంది. అప్పుడు ఒక్కొక్క ఫీడరు ఊడదీస్తూ పోవద్దు. సగానికి కోయండి. బస్ తీగను మధ్యలో విడదీస్తే షార్టు ఏ సగంలో ఉందో తెలుస్తుంది. లాకు దగ్గర నీటి మట్టం చూసి గండి ఎగువనా దిగువనా అని తేల్చుకున్నట్టే. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. మీ బల్లకు ముప్పై రెండు జతలుంటే ఐదు సార్లలో ఒక్క జత మిగులుతుంది. అందుకే బస్ తీగ మధ్య మధ్యలో మర బిగించే కనెక్టర్లు పెట్టుకోమంటాను. ఎర్ర తీగ అంతటా ఎరుపే, నల్ల తీగ అంతటా నలుపే ఉండాలి. ఎర్ర తీగ అయిపోయిందని నలుపు వేసి తరువాత గుర్తుపెట్టుకుంటాం అనుకోవద్దు. గుర్తుండదు.

ఇప్పుడు పొద్దున్న సంగతి. ఇంజన్ వైనతేయ వంతెన మీదికి ఎక్కగానే బూస్టరు ఆగుతోంది. దించితే బాగుంటోంది. మళ్లీ ఎక్కిస్తే ఆగుతోంది. అందుకే ఇంజన్ మీద అనుమానం. నేను ఇంజన్ తీసి పక్కన పెట్టించి, వంతెన మధ్యలో పట్టాను బొటనవేలితో మెల్లగా నొక్కాను. బూస్టరు టక్కున ఆగింది. ఆ బాబు ముఖంలో వెలుగు మీరు చూడవలసింది. ఇంజన్ లేకుండానే షార్టు వచ్చింది కాబట్టి ఇంజన్ నిర్దోషి.

టార్చి వేసి పక్క నుంచి చూశాం. వంతెన రేకుతో చేసిన గర్డరు. కింద నుంచి ఎక్కే ఎర్ర ఫీడర్ తీగ గర్డరు రంధ్రంలోంచి వస్తోంది. రేకు అంచు పదునుకు తీగ మీది తొడుగు కోసుకుపోయి, రాగి మిలమిల కనిపిస్తోంది. అంటే ఎప్పటి నుంచో గర్డరంతా ఎర్ర పట్టాతో కలిసే ఉంది. అయినా ఏమీ జరగలేదు, ఎందుకంటే నల్ల పట్టా గర్డరుకు దూరంగా ఉంది. నిన్న రాత్రి వంతెన కదులుతోందని ఒకరు పైనుంచి గర్డరులోకి ఒక మర బిగించారు. మంచి ఉద్దేశమే. మర తల నల్ల పట్టా అడుగుకు కాగితమంత దూరంలో ఆగింది. ఇంజన్ బరువుకు పట్టా ఆ కాగితమంత వంగితే చాలు, నల్ల పట్టా మరకు, మర గర్డరుకు, గర్డరు ఎర్ర తీగకు. రెండు లోపాలు. ఒకటి నెలల తరబడి మౌనంగా పడి ఉంది, రెండోది తోడు రాగానే గొంతు విప్పింది. అందుకే లోపం దొరికింది కదా అని అక్కడితో ఆగకండి. ఆ మర ఒక్కటి తీస్తే రైలు నడుస్తుంది, కోసుకుపోయిన తీగ మాత్రం ఇంకో రోజు కోసం అక్కడే ఉంటుంది.

నరసాపురం చివర రైలు తిరిగి రావడానికి చుట్టు వేశారు. అది చూడ్డానికి అందంగా ఉంది, కానీ చుట్టు తిరిగి వచ్చిన పట్టా తన మొదటికే కలిసినప్పుడు కుడి పట్టా ఎడమ పట్టాను తాకుతుంది. ఎక్కడా లోపం లేకుండానే షార్టు. దాన్ని చుట్టు రెండు చివరలా, రెండు పట్టాలనూ కోసి వేరు చేయాలి. ఆ ముక్క మీ అతి పొడుగు రైలు కన్నా పొడుగ్గా ఉండాలి. దానికి ఆటో రివర్సర్ అనే చిన్న పరికరం ద్వారా విడిగా కరెంటు ఇవ్వాలి. చక్రాలు కోత దాటగానే అది షార్టును పసిగట్టి తీగలను అటుదిటు చేస్తుంది. డీసీసీలో ఇంజన్ దిశ పట్టా మీద ఆధారపడదు కాబట్టి రైలు ఏమీ జరగనట్టు సాగిపోతుంది. ఆ పరికరం బూస్టరు కన్నా ముందు స్పందించాలి. బూస్టరే ముందు ఆగిపోతే రివర్సర్‌కు పని చేసే సమయమే దొరకదు. దాని సెట్టింగు చూసుకోండి.

రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మారే పాయింట్ల దగ్గర ఇంకో రకం షార్టు ఉంది, కంటి రెప్పపాటుది. రెండు పట్టాలు కత్తెరలా దాటే చోట ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దానికి అటూ ఇటూ ఉన్న పట్టాలు చాలా దగ్గరగా వస్తాయి. వెడల్పు చక్రం రెండింటినీ ఒకేసారి తొక్కుతుంది. పాత డీసీలో ఒక చిన్న మెరుపు మెరిసి పోయేది. డీసీసీ బూస్టరు మాత్రం దాన్ని పట్టేసి ఆగిపోతుంది. గదిలో దీపాలార్పి, ఇంజన్‌ను నెమ్మదిగా పాయింటు మీద నడిపి చూడండి. నీలం మెరుపు కనిపించిన చోటే లోపం. మందు ఏమిటంటే, ఆ చోట పట్టాల మీద రంగులేని గోళ్ల పాలిష్ ఒక చిన్న పూత. అది అరిగితే మళ్లీ పూయాలి.

మన ప్రాంతానికే చెందిన లోపం ఒకటి చెప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాట ఎలా ఉన్నా, ఆ ఎండలకు బల్ల చెక్క ఎండి కుంచించుకుపోతుంది, పట్టా వేడికి సాగుతుంది. పట్టాల మధ్య ఇన్సులేషన్ కోసం రంపంతో కోసి ఉంచిన సన్నని సందు మూసుకుపోతుంది. కార్తీకంలో కోసిన సందు మే నెలలో ఉండదు. షార్టు వస్తుంది. వానలు పడ్డాక చెక్క ఉబ్బి సందు మళ్లీ తెరుచుకుంటుంది, లోపం తనంతట తానే పోయినట్టుంటుంది. అది పోలేదు. సందు కోసిన రోజే అందులో పలచని ప్లాస్టిక్ ముక్క జిగురుతో పెట్టి, పట్టా ఆకారానికి ఆకురాయితో సరిచేయండి. పాత ఫోను కార్డు కత్తిరిస్తే చాలు.

టంకం గురించి కూడా చెప్పాలి. తీగలు మెలేసి నల్ల టేపు చుట్టిన అతుకులు మీ బల్ల కింద ఏడు లెక్కపెట్టాను. ఒకటి విప్పితే రాగి మీద పచ్చటి చిలుము. సముద్రం ఇక్కడికి ఎంత దూరం? ఆ గాలి టేపు లోపలికి పోతుంది. ప్రతి అతుకునూ టంకం వేయండి. రేకు డబ్బాలు అతికేవాళ్లు వాడే ఆమ్లం ఉన్న ఫ్లక్సు మాత్రం వద్దు. అది తరువాత కూడా రాగిని తింటూనే ఉంటుంది. లోపల రోజిన్ ఉన్న సోల్డరు తీగ అడిగి తీసుకోండి. పట్టాను ముందు వేడి చేసి, పట్టా వేడికి సోల్డరు కరగాలి. ఐరన్ కొనతో కరిగించి పైన అంటిస్తే ముత్యంలా గుండ్రంగా నిలుస్తుంది, చూడడానికి బాగుంటుంది, లోపల పట్టు ఉండదు. మంచి టంకం నీళ్లలా పరుచుకుని మెరుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా ఒక ఇంజన్ ఒక్కటే మొరాయిస్తే, అప్పుడు ఇంజన్‌ను అడగండి. పాత డీసీ ఇంజన్‌లో డీకోడర్ పెట్టేటప్పుడు మోటారు రెండు కొసలూ పట్టాల నుంచి, లోహపు చట్రం నుంచి పూర్తిగా వేరు కావాలి. డీకోడర్ తీగల్లో ఎరుపు, నలుపు పట్టాలవి. నారింజ, బూడిద రంగువి మోటారువి. తీగలు కలపక ముందే మీటరుతో మోటారు కొసకూ చక్రానికీ మధ్య చూడండి. ఏ మాత్రం దారి ఉన్నా డీకోడర్ కాలుతుంది, అది నిజంగా కాలడం. కొత్త ఇంజన్‌ను ముందు ప్రోగ్రామింగ్ పట్టా మీదే, అంటే డీకోడర్ సెట్టింగులు రాయడానికి విడిగా ఉంచే పట్టా మీదే పెట్టండి, అక్కడ కరెంటుకు కట్టడి ఉంటుంది కాబట్టి తప్పు చేసినా బతుకుతుంది. నంబరు అడిగితే కొత్త డీకోడర్ మామూలుగా 3 అని చెబుతుంది.

ఇక అడగండి.

(ఒక అమ్మాయి: మాస్టారూ, పట్టాలు నల్లబడితే ఎమరీ కాగితంతో రుద్దుతున్నాం. పరవాలేదా?)

వద్దమ్మా. రుద్దినప్పుడు తళతళలాడుతుంది, కానీ సన్నని గీతలు పడతాయి. మసి ఆ గీతల్లోనే కూరుకుంటుంది, వారానికే మళ్లీ నల్లబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నూలు గుడ్డ మీద వేసి తుడవండి. బూస్టరు ఆపి, కిటికీలు తెరిచి చేయాలి, అది మండే ద్రవం. ఇంజన్ చక్రాలు కూడా తుడవాలి. చక్రం మురికిగా ఉంటే తుడిచిన పట్టాకు అదే మళ్లీ అంటిస్తుంది.

(ఒక పెద్దాయన: బస్ తీగ రెండు కొసలూ కలిపేసి గుండ్రంగా చేస్తే, రెండు వైపుల నుంచీ నీళ్లు వచ్చినట్టు శివారుకు బాగా అందుతుంది కదండీ?)

అందుతుందండీ, మీ ఆలోచనలో న్యాయం ఉంది. అయినా నేను కలపవద్దనే అంటాను. సగానికి కోసి వెతికే పద్ధతి చెప్పాను చూశారా, గుండ్రంగా కలిపితే ఒక చోట కోసినా రెండో వైపు నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది, వెతకడం రెట్టింపు కష్టం. కొసలు విడిగా వదిలేసి, తీగ లావు పెంచండి. రెండు తీగలనూ అడుగుకు రెండు మూడు మెలికలు వేయండి. మీ బస్ పది మీటర్లు దాటితే చివర వంద ఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకదాని వెనక ఒకటి కలిపి ఎరుపుకూ నలుపుకూ మధ్య వేయండి. తీగ చివర వోల్టేజి ఎగిసిపడి డీకోడర్లను కొట్టకుండా అది ఆపుతుంది.

సరే, భోజనాలకు ఇంకా అరగంట ఉంది. బాబూ, ఆ మర తీసేసి నైలాన్ మర బిగించు. కోసుకుపోయిన తీగ మార్చి, రంధ్రంలో రబ్బరు వాషరు పెట్టు. మిగతావాళ్లు ఇలా రండి. రూపాయి బిళ్ల ఎవరి దగ్గరుంది? కోటిపల్లి నుంచి మొదలుపెట్టండి, అడుగుకు ఒకసారి. బూస్టరు ఆగని ప్రతి చోటా పెన్సిలు గీత గీయండి. అమలాపురం చేరగానే నన్ను పిలవండి, అక్కడి నుంచి బల్బు నేను పట్టుకుంటాను.